గాజుతొట్టిలో చేపకు గాలి

ఇంటిలో చేపలను పెంచువారికి ఒక ఉదయము తప్పక ఎదురగును. రాత్రి దీపము ఆర్పునప్పుడు చక్కగా తిరుగుచుండిన చేపలన్నియు తెల్లవారుసరికి నీటిమీదికి చేరి, నోళ్ళు తెరచుచు మూయుచు, అడుగునకు దిగలేక కొట్టుకొనుచుండును. ఇంటిలోని పిల్లవాడు వానికి ఆకలి వేసినదనుకొని చిటికెడు మేత చల్లును. పెద్దవారు నీరు చెడినదని తొట్టి అంతయు కడిగి క్రొత్తనీరు పోయుదురు. కొంచెము చదువుకొన్నవారు మొక్కలు చాలలేదని రెండు మొక్కలు తెచ్చి నాటుదురు. ఆ ఉదయము మా ఇంటికిని ఒక వైశాఖమాసములో వచ్చినది. రెండు బంగారుచేపలు, గుండ్రని గాజుపాత్ర, దాని కంఠము వరకు నీరు. మేము మూడవ తెగవారము; మొక్క తెచ్చినాము. మరునాటి ఉదయమునకు ఒక చేపయే మిగిలినది.

మొక్కనే ఎందుకు తెచ్చినామని తరువాత ఆలోచించుకొన్నాము. చిన్ననాటి పాఠ్యపుస్తకములో ఒక బొమ్మ ఉండెడిది. గాజుతొట్టి, అందులో చేప, ప్రక్కన మొక్క, రెంటి నడుమ వలయముగా తిరిగివచ్చు రెండు బాణపు గుర్తులు. చేప విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించును. మొక్క విడిచిన ప్రాణవాయువును చేప గ్రహించును. అంత అందమైన బొమ్మను శంకించుటకు ఎవరికి మనసు వచ్చును? ఆ బొమ్మకు మూలమైన ఊహ లోకములోనికి వచ్చి నూటడెబ్బది ఏండ్లు దాటినవి. అది ఎట్లు పుట్టినదో, ఎంతవరకు నిజమో, దాని వెలుగులో మరుగుపడిన మరియొక నిజమేదో తెలుపుటకే ఈ ప్రసంగము.

చేప నీటినే పీల్చి బ్రతుకునని, గాలితో దానికి పనిలేదని జనులు చాలకాలము తలచినారు. 17వ శతాబ్దములో ఇంగ్లండు దేశమున రాబర్ట్ బాయిల్ గాలిని తోడివేయు యంత్రము క్రింద చేపలున్న నీటిపాత్రను ఉంచి చూచినాడు. పైనున్న గాలి తగ్గుకొలది నీటినుండి బుడగలు లేచినవి. నీటిలోను గాలి దాగియున్నదని దానివలన తెలిసినది. ఆ గాలిలో ప్రాణమును నిలుపు భాగము ఏదో తెలియుటకు మరియొక శతాబ్దము పట్టినది. 1774లో జోసెఫ్ ప్రీస్ట్లీ ఆ వాయువును వేరుచేసినాడు. స్వీడనులో షీలే అంతకు ముందే వేరుచేసియుండినాడు. ఫ్రాన్సులో లవాయిజే దానికి పేరు పెట్టినాడు. ఆక్సిజన్ అను పేరునకు గ్రీకు మూలములను బట్టి అర్థము ఆమ్లములను పుట్టించునది అని. ఆమ్లములన్నిటిలోను అది ఉండి తీరునని ఆయన నమ్మకము. అది తప్పని తరువాత తేలినది; హైడ్రోక్లోరిక్ ఆమ్లములో దాని జాడయే లేదు. కాని పేరు నిలిచినది. మనవారు దానిని తెనిగించి ఆమ్లజని అన్నారు. ఆ విధముగా పారిసు నగరపు పొరపాటు ఒకటి మన బడిపిల్లల నోటికి కూడ వచ్చినది. ప్రాణవాయువు అనుమాటయే మాకు మేలుగా తోచుచున్నది.

చేప శ్వాసకు వలసినది నీటిలో కరిగియున్న ప్రాణవాయువు. నీరు అను పదార్థములోనే ప్రాణవాయువు కలిసియున్నను దానిని విడదీసికొను శక్తి చేపకు లేదు. మొప్పలగుండ నీరు పారునప్పుడు కరిగియున్న కొంచెమును మాత్రమే అది గ్రహింపగలదు. 1809లో హంబోల్ట్, ప్రొవెన్సాల్ అను ఇరువురు చేపల శ్వాసమును గూర్చి ప్రచురించిన పరిశోధనలో నీటిలోని వాయువులను కొలిచి ఈ విషయమును స్థిరపరచినారు. కాచి, గాలి తగులకుండ చల్లార్చిన నీటిలో చేప బ్రతుకలేదనుట ఇందుకు సులభమైన నిదర్శనము. కాచినపుడు కరిగియున్న గాలి వెడలిపోవును గదా.

ఇందలి లెక్క తెలిసికొనిన, చేప ఎంత పేదరికములో బ్రతుకుచున్నదో తెలియును. ఒక లీటరు గాలిలో 210 మిల్లీలీటర్ల ప్రాణవాయువు ఉన్నది. 20 డిగ్రీల వెచ్చదనముగల ఒక లీటరు మంచినీటిలో, ఎంత నిండుగా కరిగినను, ఆరు మిల్లీలీటర్లకు కొంచెము పైగా మాత్రమే ఉండును. తూకములో చెప్పవలెనన్న లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు. నీరు వేడెక్కినకొలది ఇది ఇంకను తగ్గును; 30 డిగ్రీలవద్ద ఏడున్నర మిల్లీగ్రాములకు దిగును. అదే వేడిమికి చేప శరీరము మాత్రము ఎక్కువ ప్రాణవాయువును కోరును. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగినట్లు. చల్లని దేశములలో వ్రాసిన చేపల పుస్తకములను చదివి మన ఎండకాలములో చేపలను పెంచువారు ఈ ఒక్క సంగతిని జ్ఞాపకముంచుకొనిన చాలును.

మరియొక చిక్కు కూడ ఉన్నది. ప్రాణవాయువు గాలిలో వ్యాపించు వేగముతో పోల్చినచో కదలని నీటిలో వ్యాపించు వేగము సుమారు పదివేల వంతులు తక్కువ. పైపొర ఎంత నిండియున్నను, నీరు కదలనిచో ఆ నిండుదనము అడుగునకు చేరదు. ఈ కథకంతటికిని కీలకము ఇదియే.

ఇక మొక్కల సంగతి. కొవ్వొత్తి మండి చెడిన గాలిని పుదీనా మొక్క తిరిగి బాగుచేసినదని 1771లో ప్రీస్ట్లీ కనుగొన్నాడు. ఆ వార్త ఐరోపాను ఆనందములో ముంచినది. ఎనిమిదేండ్ల తరువాత, 1779లో, యాన్ ఇంగెన్‌హౌజ్ అను హాలండు వైద్యుడు అందుకు రెండు షరతులు చేర్చినాడు. మొక్క ఆ పనిని సూర్యకాంతిలోనే చేయును. అదియు పచ్చని భాగములే చేయును. చీకటిలో మొక్క కూడ మనవలెనే గాలిని చెడగొట్టును. మొదటి వార్తను అందరు జ్ఞాపకముంచుకొన్నారు. రెండవ దానిని గాజుతొట్లవారు ఎంత తొందరగా మరచినారో ముందు చూతము.

చైనా దేశమున బంగారుచేపలను శతాబ్దములుగా పెంచుచుండినారు. మింగ్ వంశపు రాజుల కాలములో వానిని వెడల్పైన పింగాణి తొట్లలో, మట్టి గోలెములలో ఉంచి పైనుండి చూచి ఆనందించెడివారు. పైనుండి చూచినపుడు అందముగా ఉండు చేపలనే ఏరి పెంచినారు కూడ. ఆ చేపలు 17వ శతాబ్దములో ఐరోపా చేరినవి. అక్కడివారికి ప్రక్కనుండి చూడవలెనను కోరిక కలిగినది. గాజు వచ్చినది, గుండ్రని పాత్ర వచ్చినది, మూతి ఇరుకైనది. కంటికి వీలైనది గాని చేప ఊపిరికి వీలు తగ్గినది. గోలెము నోరు వెడల్పుగా ఉండుటలోని మేలు ఆ చైనావారికి రసాయనశాస్త్రము లేకయే అబ్బినది.

గాజుతొట్టిని శాస్త్రపరిశోధనకు మొదట వాడినవారిలో అగ్రగణ్యురాలు జాన్ విల్ప్రో పవర్ అను ఫ్రెంచి మహిళ. యౌవనములో పారిసులో దుస్తులు కుట్టి జీవించిన ఈమె, వివాహానంతరము సిసిలీ ద్వీపమున మెస్సీనా నగరములో స్థిరపడి, 1832లో గాజుతొట్లు చేయించి ఆర్గోనాట్ అను సముద్రజీవిని అందులో ఉంచి పరిశీలించినది. ఆ జీవి తన గుల్లను ఎవరివద్దనో దొంగిలించినది కాదు, తానే నిర్మించుకొన్నదని నిరూపించినది. ఆమెకు సముద్రము ఇంటిముందే ఉన్నది. చెడిన నీటిని మార్చుట కష్టము కాదు. సముద్రమునకు దూరముగా ఉన్నవారు ఏమి చేయవలెనను ప్రశ్న లండను నగరములో వచ్చినది.

ఆ ప్రశ్న అచ్చట పుట్టుటకు కొన్ని కారణములు కూడినవి. నథానియల్ వార్డ్ అను వైద్యుడు 1829లో మూతపెట్టిన సీసాలో ఒక పురుగుగూడును ఉంచి చూచుచుండగా, ఆ సీసాలోని మట్టిలో ఫెర్ను మొక్క మొలచినది. పొగతో నిండిన లండనులో ఆయన తోటలో బ్రతుకని ఫెర్ను మూతపెట్టిన సీసాలో హాయిగా పెరిగినది. అంతట గాజుపెట్టెలలో మొక్కలను పెంచుట ఆరంభమైనది. చైనానుండి మన హిమాలయ ప్రాంతములకు తేయాకు మొక్కలు ఓడలమీద వచ్చినది ఇట్టి పెట్టెలలోనే. మరియు 1845లో బ్రిటనులో గాజుమీది పన్ను తీసివేసినారు. గాజు చవుక అయినది. గాజుపెట్టెలో మొక్క బ్రతుకునపుడు చేప ఏల బ్రతుకదు?

1846 శరత్కాలములో ఆనా థిన్ అను ఆమె ఇంగ్లండు దక్షిణతీరమున టార్కీ అను ఊరికి వెళ్ళినది. ఈమె భర్త జాన్ థిన్ వెస్ట్‌మినిస్టర్ దేవాలయములో ఉన్నతాధికారి. తీరమున రాళ్ళను అంటియున్న పగడపు జాతి ప్రాణులను చూచి ముచ్చటపడి, సూదిదారములతో వానిని ఒక స్పంజికి కుట్టి, సముద్రపు నీరు నింపిన జాడీలో పెట్టుకొని లండను తెచ్చినది. నగరములో సముద్రపు నీరు ఎక్కడిది? తీరమునుండి తెప్పించిన కొలదినీటినే మరల మరల వాడుకొనవలెను. అందుకు ఆమెకు ఒక ఉపాయము తోచినది. తెరచిన కిటికీముందు నిలిచి ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి ధారగా తిరుగబోయవలెను. అర్ధగంట, ముప్పావుగంట సేపు. మన ఇండ్లలో వేడి కాఫీని గ్లాసునుండి గిన్నెలోనికి ఎత్తుగా పోసి నురుగు తెప్పించు విధమే అనుకొనుడు.

ఆ పని చేసినది దొరసాని కాదు. ఇంటిలోని ఒక చిన్న పరిచారిక. 1859లో తన అనుభవములను ఒక ప్రకృతిశాస్త్ర పత్రికలో ప్రకటించినపుడు ఆనా థిన్, ఆ పని అలసట కలిగించునదే అయినను ఆ పిల్ల దానిని ఆటగా ఎంచుకొన్నదని వ్రాసినది. ముప్పావుగంట సేపు నీటిపాత్రలు ఎత్తి పోసినవారికి అది ఎంతటి ఆటయో వారినే అడుగవలెను! ఆ పిల్ల పేరు అందులో లేదు. కాని ఆ జాడీలోని ప్రాణులు సంవత్సరముల తరబడి బ్రతికినవి, పిల్లలను కన్నవి.

1847 వసంతములో ఆనా థిన్ సముద్రపు మొక్కలను కూడ తెప్పించి ఆ పాత్రలలో వేసినది. మొక్కలు, ప్రాణులు ఒకదానికొకటి సాయపడునని ఆమెకును తెలియును. అయినను నీటిని తిరుగబోయించుట మానలేదు. నమ్మకము చాలకనో, అలవాటు వలననో. ఆ అనుమానము శాస్త్రమునకు లోపమే కావచ్చును. ఏది ప్రాణము నిలిపినదో వేరుచేసి చెప్పుటకు వీలులేకపోయినది. ప్రాణులకు మాత్రము అది వరమైనది.

రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనజ్ఞునికి అట్టి అనుమానములు లేవు. లండనులోని ఔషధ విక్రేతల సంఘమునకు ఆయన రసాయనాధికారి. 1841లో కెమికల్ సొసైటీని స్థాపించినవారిలో ప్రముఖుడు. 1849లో ఆయన పన్నెండు గేలనుల గాజుపాత్ర తీసికొని, సగము వరకు నీరు పోసి, అడుగున ఇసుక, గులకరాళ్ళు పరచి, వాలిస్నేరియా అను మొక్కను నాటినాడు. రిబ్బనులవలె పొడవైన ఆకులుగల ఈ మొక్క మన చెరువులలోను పెరుగునదే. అందులో రెండు బంగారుచేపలను విడిచినాడు. కొంతకాలమునకు ముదిరిన ఆకులు కుళ్ళి నీరు మసకబారినది. ఆయన ఆలోచించి అయిదారు నత్తలను వేసినాడు. నత్తలు కుళ్ళినదానిని తినివేసినవి; అవి పెట్టిన గుడ్లు చేపలకు ఆహారమైనవి. నీరు తేటపడినది. చేప, మొక్క, నత్త. మూటిలో ఎవరు విడిచినది ఎవరికి అక్కరయో అంతయు సరిపోయినది.

1850లో కెమికల్ సొసైటీ పత్రికలో ఈ ప్రయోగమును ప్రకటించినప్పుడు ఆయన దానికి పెట్టిన పేరులోనే జంతుకోటికిని వృక్షకోటికిని గల సంబంధముల సర్దుబాటు అను భావము ఉన్నది. మా చిన్ననాటి పుస్తకములోని బొమ్మకు ఇదియే జన్మస్థలము. దీనిని చిన్నచూపు చూచుట మా ఉద్దేశము కాదు. ప్రయోగము నిజమే, చేపలు బ్రతికినమాటయు నిజమే. కాని ఆయన లెక్కలోనికి రాని వస్తువు ఒకటి ఆ గదిలో ఉన్నది. పన్నెండు గేలనుల పాత్ర, సగము నీరు, రెండే చిన్న చేపలు. పాత్ర పైభాగము తెరచి ఉన్నంతకాలము గది గాలి అంతయు ఆ నీటిమీద ఆనియే ఉన్నది. చేపకు ప్రాణవాయువును పగలనక రాత్రియనక ఇచ్చుచుండినది అది. ఇంగెన్‌హౌజ్ చెప్పిన చీకటిగంటలలో మొక్క కూడ చేపతోపాటు దానినే పంచుకొనుచుండినది.

ఆ ఊహకు రెక్కలు తొడిగినవాడు ఫిలిప్ హెన్రీ గాస్. చక్కని చిత్రకారుడు, అంతకు మించిన రచయిత. 1853 మే నెలలో లండను జంతుప్రదర్శనశాలలో గాజు, ఇనుములతో కట్టిన మత్స్యశాల తెరచినారు. లోకములో ప్రజలకు చూపిన మొట్టమొదటి అక్వేరియము అదియే. అందు గాస్ సేకరించి ఇచ్చిన సముద్రజీవులు ఉండినవి. మరుసటి సంవత్సరము ఆయన గ్రంథము వెలువడినది. అక్వేరియము అనుపేరు అంతకుముందు నీటిమొక్కల తొట్టికి వాడుకలో ఉండినది. ప్రాణులుండు తొట్టికి ఆ పేరు స్థిరపడినది గాస్ వలననే. గ్రంథము చదివినవారందరు సముద్రతీరములకు పరుగెత్తినారు. ప్రతి మధ్యతరగతి ఇంటి హాలులోను ఒక గాజుతొట్టి వెలసినది. రాళ్ళమీది ప్రాణులను గంపలకొలది ఊడబెరికినారు. తీరములు బోసిపోవుట చూచి గాస్ తానే తరువాత బాధపడినాడని ఆయన కుమారుడు వ్రాసినాడు.

తొట్లలో పెట్టినవి చాలవరకు చచ్చినవి. సమతూకము అనుమాట విన్నవారు నీరు మార్చవలసిన పని లేదనుకొన్నారు, ముట్టుకొనవలసిన పనియే లేదనుకొన్నారు. వెలుతురు ఎక్కువైన మొక్క ఎక్కువ పనిచేయునని కిటికీలో పెట్టినారు. నీరు కాగి, నాచు పట్టి పచ్చబడినది. పదేండ్లలో ఆ వెర్రి చల్లారినది. తొట్లు అటకలు ఎక్కినవి.

ఆ కాలములో లండను నగరమున చేపలతొట్లు అమ్ము దుకాణదారుడు విలియమ్ ఆల్ఫర్డ్ లాయిడ్. చచ్చిన చేపలను గూర్చిన ఫిర్యాదులు వినునది దుకాణదారుడే గనుక కాబోలు, పండితులు చూడనిది అతడు చూచినాడు. నీరు నిలువయుండుటలో ఉన్నది దోషము. ప్రదర్శనకు పెట్టిన తొట్టికి వెలుతురు కొంచెము చాలును. దానిక్రింద చీకటిలో, చల్లగా, అంతకు ఎన్నో రెట్లు పెద్దదైన నీటినిలువ ఉండవలెను. ఆవిరియంత్రముతో ఆ నీటిని పైకి తోడి సన్నని ధారలుగా తొట్లలోనికి కొట్టవలెను. ధార నీటిలో పడునపుడు గాలిని వెంట లాగికొనిపోవును. 1864లో హాంబర్గులోను, 1871లో లండనులోని క్రిస్టల్ ప్యాలెసులోను అతని పర్యవేక్షణలో నడిచిన అక్వేరియములు ఈ పద్ధతిపై నిలిచినవి. 1874లో నేపుల్స్ నగరమున ఆంటన్ డోర్న్ తెరచిన ప్రసిద్ధ అక్వేరియమునకును అతని సలహా తోడైనది. ఆలోచించి చూచినచో ఆవిరియంత్రము చేసినది ఆ పేరు తెలియని పిల్ల కిటికీముందు చేసిన పనియే.

మన ప్రాంతములకు ఇట్టి ప్రదర్శన వచ్చినది 1909లో. మద్రాసు మ్యూజియము అధికారి ఎడ్గార్ థర్స్టన్ ప్రోత్సాహముతో సముద్రతీరమున అక్వేరియము వెలసినది. అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండిన తెలుగు జిల్లాలవారు పట్నము చూడబోయిన ప్రతివారు దానిని చూచి వచ్చెడివారు. ఇంటి గాజుతొట్లవారికి మాత్రము పాత పాఠమే మిగిలినది. పుస్తకములు ఒకదానిని చూచి ఒకటి వ్రాయబడినవి. బాణపు గుర్తుల బొమ్మ తరములు దాటినది. 1930 ప్రాంతములలో న్యూయార్క్ అక్వేరియములో చార్లెస్ బ్రీడర్ నీటిలోని వాయువులను కొలిచి శ్రద్ధగా పరిశీలించినాడు. 1949లో అక్కడివాడే జేమ్స్ ఆట్జ్ సమతూకపు తొట్టి ఒక కల్పితకథ అని స్పష్టముగా వ్రాసినాడు. చేపకు ముఖ్యాధారము నీటి ఉపరితలము. ప్రాణవాయువు లోనికి వచ్చునది దానిగుండనే. అంతకంటె ముఖ్యముగా, చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు వెలుపలికి పోవునదియు దానిగుండనే. చేప పైకి వచ్చి రొప్పుటకు ప్రాణవాయువు చాలకపోవుట ఒకటే కారణము కాదు. బొగ్గుపులుసు వాయువు పేరుకొనుటయు కారణమే.

ఇది తెలిసిన తరువాత మా గుండ్రని పాత్రను మేము కొలిచి చూచుకొన్నాము. నడుమ అడ్డము 30 సెంటీమీటర్లు, మూతి 12. సగము వరకే నీరు పోసియుండిన ఏడు లీటర్ల నీటికి 700 చదరపు సెంటీమీటర్లకు పైగా ఉపరితలము ఉండెడిది. మేము ఉదారబుద్ధితో కంఠము వరకు నింపినాము. నీరు రెట్టింపైనది, ఉపరితలము 113 చదరపు సెంటీమీటర్లకు, అనగా ఆరవ వంతునకు, పడిపోయినది. ఎక్కువ నీరు పోసి చేప ఊపిరిని బిగించినాము. మొక్క నాటిన రాత్రి ఆ చీకటిలో ఊపిరి పీల్చునది మరియొకటి చేరినది. ఇంత చిన్న లెక్క పది రూపాయల స్కేలుతో ముందే వేసికొనియుండవచ్చును.

ఈనాడు ఇంటి తొట్లకు విద్యుత్తుతో నడుచు చిన్న గాలిపంపులు వచ్చినవి. ధ్వనితో బ్రతుకు మావంటివారి చెవికి ఆ సన్నని రొద ఒక పరీక్షయే. అయినను దానిని ఆపుటకు మేము సాహసింపము. తొట్టి అడుగునుండి లేచు బుడగల వరుసను చూచి, ఆ బుడగలలోని గాలియే చేపకు పోవుచున్నదని చాలమంది అనుకొందురు. కొంత పోవును, నిజమే. కాని బుడగ చేయు పెద్దపని వేరు. అది పైకి పోవుచు అడుగునీటిని తనతో పైకి లాగును. ఉపరితలమును చెదరగొట్టి క్రొత్తనీటిని గాలికి తగిలించును. కదలని నీటిలో ప్రాణవాయువు నడక ఎంత మందమో ముందే చెప్పియున్నాము గదా. కనుక ఖరీదైన పంపు అక్కరలేదు. నీటి పైభాగము ఎల్లప్పుడు అల్లలాడుచుండిన చాలును. మేత మితము మించరాదు. మిగిలిన మేత కుళ్ళునపుడు దానిని కుళ్ళించు సూక్ష్మజీవులు కూడ ఆ కొద్ది ప్రాణవాయువులోనే వాటా అడుగును. మొక్కలను వద్దనము. అవి అందమునకు, నీడకు, నీటిలోని మలినములను పీల్చుటకు మంచివే. ఊపిరిభారమంతయు వానిమీద వేయరాదు.

దుకాణములలో అరచేతంత గాజుగ్లాసులో ఒంటరిగా అమ్మబడు ఫైటర్ చేపను చూచి, చేపకు ఆ మాత్రము నీరు చాలునని భ్రమపడువారును ఉన్నారు. అది వేరు జాతి. తలలో ప్రత్యేకమైన అవయవముండుటచే అది పైకి వచ్చి నేరుగా గాలినే గుటకవేయగలదు. మన కొర్రమీను అట్టిదే. సంతలో గంటలకొలది బక్కెట్టెడు నీటిలో ఒకదానిమీద ఒకటి పడియుండియు కొర్రమీనులు ప్రాణముతో ఉండుట మనము చిన్ననాటినుండి చూచుచున్నదే. ఆ బక్కెట్టులో బంగారుచేపను వేసిన సాయంకాలము చూడదు.

కృష్ణా గోదావరి జిల్లాలలో చెరువులు త్రవ్వి చేపలను, రొయ్యలను పెంచు రైతులకు ఈ విద్య పుస్తకమువలన రాలేదు. చెరువునీరు నాచుతో పచ్చబడి, పగలంతయు ఎండలో ప్రాణవాయువుతో నిండి, రాత్రి ఆ నాచే దానిని ఖర్చుచేయగా, కోడికూయు వేళకు చేపలన్నియు నోళ్ళు పైకెత్తును. ఒక్క తెల్లవారుజామున ఏడాది కష్టము నీటిమీద తేలుట వారు ఎరుగుదురు. ఆ భయముతోనే అర్ధరాత్రివేళ లేచి టార్చిలైటుతో గట్లమీద తిరుగుదురు. రొయ్యల చెరువులలో తెడ్లచక్రములవంటి ఏరేటర్లు రాత్రి అంతయు నీటిని చిమ్ముచునే ఉండును. భీమవరము ప్రాంతమున రాత్రివేళ రైలులోనో బస్సులోనో పోవునపుడు చీకటిలో తెల్లగా నురుగు కనబడును, హోరు వినబడును.

అక్కడ విద్యుత్తు పోయిన రైతు జెనరేటరు వద్దకు పరుగెత్తును. ఇంటిలో విద్యుత్తు పోయి గాలిపంపు ఆగినపుడు జెనరేటరు అక్కరలేదు. తొట్టి మూత తీసి, సబ్బు తగలని చెంబు ఒకటి తీసికొని, తొట్టినీటినే ముంచి జానెడు ఎత్తునుండి సన్నగా తిరిగి పోయవలెను. దీపము వచ్చువరకు నడుమ నడుమ మరల పోయుచుండవలెను. మిగిలిన ఆ ఒక్క చేపను మేము అట్లే కాపాడుకొన్నాము, చేయి నొచ్చినది.